కన్యాశుల్కం, దేవదాసు: పుస్తకం, రంగస్థలం, వెండితెర

గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’, శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల ‘దేవదాసు’ తెలుగువారి ఇళ్లలో పుస్తకాలుగా ఉన్నాయి, తెర మీదా వెలిగాయి. కన్యాశుల్కం అరవై ఏళ్ల రంగస్థల చరిత్ర కూడగట్టుకున్నాక సినిమా వచ్చింది. దేవదాసు మనకు అనువాదంగా వచ్చి, అటుపైన సినిమాగా ఇంటింటి కథ అయింది. ఈ రెంటినీ తెలుగులో తెరకెక్కించిన నిర్మాత ఒక్కరే, వినోదా పిక్చర్స్ అధిపతి డి.ఎల్. నారాయణ. రెండేళ్ల తేడాతో, ఒకే నాయికతో ఆ పని చేశారు. నవలను తెరకెక్కించడం ఎలాంటిదో, నాటకాన్ని తెరకెక్కించడం ఎలాంటిదో పక్కపక్కన పెట్టి చూడడానికి తెలుగులో ఇంతకంటే మంచి జంట దొరకదు.

రెంటి వెనుకా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మనుషులు చాలామంది ఉన్నారు. గురజాడది విజయనగరం, శరత్‌ది బెంగాల్. అయినా ఆ పాత్రలకు రంగస్థలం మీదా తెర మీదా గొంతు, నడక, మాట ఇచ్చినవారిలో కృష్ణా పశ్చిమ డెల్టా వాళ్ల వాటా పెద్దది.

ప్రాంతం

తెనాలి నేడు గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందు మూడూ గుంటూరు జిల్లావే. తెనాలి, బాపట్ల మద్రాసు రైలు దారి మీద ఉన్నాయి; తెనాలి నుంచి రేపల్లెకు ఒక శాఖ పోతుంది. కాలవల కింద వరి పండే ఊళ్లు, పంట చేతికొచ్చాక డబ్బు పెట్టి నాటకం ఆడించే స్తోమత గల రైతులు, తెల్లవార్లూ కూర్చుని పద్యానికి వన్స్‌మోర్ కొట్టే జనం. నాటక సమాజాలు నిలదొక్కుకోవడానికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి. 1929లో సురభి వనారస గోవిందరావు పూనికతో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలోనే. తెనాలి శ్రీరామ విలాస సభ అప్పటికే పేరున్న సమాజం. తరవాత మద్రాసు స్టూడియోలకు నటులు, రచయితలు ఈ వైపు నుంచి వరసగా వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. రైలు ఎక్కేనాటికే వాళ్లకు పని వచ్చు.

రెండు మూలాలు, ఒకే మచ్చ

కన్యాశుల్కం మొదట 1892లో విజయనగరంలో ప్రదర్శన పొందింది. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి ఏడంకాల నాటకంగా తెచ్చారు. ఈనాడు మనం చదివేది అదే. ఆడపిల్లను డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టే ఆచారం మీద పుట్టిన రచన ఇది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లు 1,034 లెక్కకు వచ్చాయని గురజాడ ముందుమాటలోనే రాశారు. వాటిలో ఏడాది నిండిన పసికందుల పెళ్లిళ్లు కూడా ఉన్నాయి.

దేవదాసును శరత్ తన యౌవనంలో, 1900 ప్రాంతంలో రాశారు. అచ్చులో వచ్చింది 1917లో. జమీందారు కొడుకు, పొరుగింటి పిల్ల పార్వతి, కుదరని పెళ్లి, తాగుడు, చావు అని కథ క్లుప్తంగా చెప్పేసుకోవడం అలవాటైపోయింది. పెళ్లి ఎందుకు కుదరలేదో చాలామందికి గుర్తుండదు. పార్వతి వాళ్లది ఆడపిల్లకు డబ్బు తీసుకుని పెళ్లి చేసే ఇల్లు. అలాంటి ఇంటి పిల్లను, అందులోనూ పక్కింటి పిల్లను చేసుకోవడం తమ వంశానికి తలవంపు అని దేవదాసు ఇంట్లో అభ్యంతరం. అంటే బెంగాల్‌లో పార్వతి బతుకు బుగ్గి కావడానికీ, కన్యాశుల్కంలోని కృష్ణరాయపురం అగ్రహారంలో బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవ కావడానికీ మూలం ఒకే దురాచారం. గురజాడ దాన్ని బజారులో నిలబెట్టి నవ్వించారు, శరత్ గుమ్మం దాటనివ్వకుండా ఏడిపించారు. తెలుగు దేవదాసు సినిమాలో ఈ కారణం వెనక్కి పోయి అంతస్తుల తేడా ముందుకు వచ్చింది. మన ప్రేక్షకుడికి అది తేలిగ్గా అందుతుంది, నిజమే. కానీ నవలలో ఉన్న సామాజికమైన ముల్లు అక్కడే విరిగిపోయింది.

రంగస్థలం మీద కన్యాశుల్కం

ఏడంకాలూ కోత లేకుండా ఆడితే సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. అందుకే కన్యాశుల్కం ప్రదర్శన చరిత్ర అంటే చాలా మట్టుకు దాన్ని కుదించిన చరిత్ర. తెనాలి తాలూకా అనంతవరంలో పుట్టిన కవి అబ్బూరి రామకృష్ణారావు దీన్ని ఆడడానికి వీలుగా కుదించి ఆడించిన ప్రయోక్తల్లో ఒకరు. విజయనగరం వైపు నుంచి జె.వి. రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్న జె.వి. సోమయాజులు రామప్ప పంతులుగా దశాబ్దాల పాటు ఊరూరా ఆడారు.

కోత పెట్టేవారి కత్తెర ఎప్పుడూ ఒకే చోట పడుతుంది. గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం ఉన్న రంగాలు జనానికి నోటికి వచ్చు కనుక అవి ఉంటాయి. సారా దుకాణం, బైరాగి, హెడ్డు కానిస్టేబులు, గవరయ్య లాంటివాళ్లు పోతారు. వాళ్లతో పాటు ఊరు పోతుంది. మిగిలిన నాటకం హాస్యంగా బాగానే నడుస్తుంది, కానీ గురజాడ చూపిన సంఘం సగమే ఉంటుంది.

ఈ ప్రాంతం కన్యాశుల్కానికి ఇచ్చిన అతి పెద్ద కానుక స్థానం నరసింహారావు. ఆయన 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. 1920లో అక్కడే హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం కట్టారు, అదే మొదలు. తరవాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి సత్యభామ, రోషనార, దేవదేవి, చిత్రాంగి, చింతామణి పాత్రలతో తెలుగునాడంతా మారుమోగారు. కన్యాశుల్కంలోని వేశ్య మధురవాణి వాటి సరసన నిలిచిన పాత్ర. పద్యాలతో జనాన్ని ఊపేసే నటుడు పద్యాలు లేని వచన నాటకంలో, మాటకు మాట పట్టుగా నడిచే పాత్రను ఎన్నుకోవడమే విశేషం.

మధురవాణి రంగం ఒకటి దగ్గరగా చూడాలి. చివరి అంకంలో ఆమె మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. వేశ్యలను ఎదట నిలవనివ్వని నియమం గల మనిషి ఆయన. స్థానం ఆడినప్పుడు ఏం జరిగిందో ఊహించండి. ఒక మగవాడు ఆడదాని వేషంలో ఉన్నాడు. ఆ ఆడది ఇప్పుడు మగవేషం వేసింది. నటుడు తన సహజమైన మగతనానికి తిరిగి జారిపోతే పాత్ర చచ్చిపోతుంది. పంచె కట్టులోనూ, తలపాగా కిందా మధురవాణి కనిపిస్తూనే ఉండాలి. పైగా అదే నాటకంలో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లాం అవుతాడు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో ఆ శిష్యుడు అబద్ధపు ఆడపిల్లగానూ, మధురవాణి నిజమైన ఆడదిగానూ జనానికి తోచాలి. గురజాడ రాతలో ఉన్న ఈ మెలిక రంగస్థలం మీద రెట్టింపు అవుతుంది. ఏ సినిమాకూ అది దక్కదు. దీన్ని నేను రంగస్థల కన్యాశుల్కానికి మాత్రమే చెందిన సంపదగా లెక్కిస్తాను.

స్థానం సినిమాలోనూ కనిపించారు. 1942 ‘సత్యభామ’లో ఆ పాత్ర ఆయనదే. అయితే అప్పటికే తెర మీద ఆడపాత్రలు ఆడవాళ్లే వేస్తున్నారు. పది వరసల అవతల, దీపాల వెలుగులో నడక, పైటకొంగు, కనుబొమ విరుపుతో పనిచేసే విద్య అది. క్లోజప్ ఆ దూరాన్ని చెరిపేస్తుంది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, రంగస్థల నటుడిగానే.

దేవదాసు తెర మీద

శరత్ తెలుగువారికి దగ్గర కావడంలో తెనాలి చెయ్యి స్పష్టంగా ఉంది. తెనాలి ఐతానగర్‌కు చెందిన ఆలూరి వెంకట సుబ్బారావు మదనపల్లె క్షయ చికిత్సాలయంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, చక్రపాణి పేరుతో శరత్ రచనలను తెలుగు చేశారు. తరవాత విజయా సంస్థలో భాగస్వామిగా, ‘చందమామ’ సంపాదకుడిగా ఆయన పేరు మరో దారిలో పెద్దదయింది. శరత్ అసలు తెలుగువాడే అన్నంతగా పాఠకులు చదివారంటే అందుకు ఆ సాదా వచనమే కారణం. దేవదాసు సినిమా చూడడానికి హాలుకు వచ్చిన జనంలో ఎంతోమంది శరత్‌ను ముందే ఎరుగుదురు.

సినిమాగా దేవదాసు అప్పటికే చాలా దూరం నడిచింది. 1928లో మూకీ, 1935లో ప్రమథేశ్ బరువా బెంగాలీ చిత్రం, ఆ వెంటనే సైగల్ నటించిన హిందీ చిత్రం వచ్చాయి. నవల చివర దేవదాసు పార్వతి అత్తవారింటి ముందు చెట్టు కింద చనిపోతాడు. సంగతి తెలిసి పరుగెత్తబోయిన పార్వతిని ఇంటివాళ్లు ఆపుతారు, ఆమె స్పృహ తప్పుతుంది. బరువా ఆమె ఎదుట తలుపులు మూసుకునేటట్లు చేశారు. రాసిన మాటను చూసే వస్తువుగా మార్చడం అంటే ఇదే. తరవాతి దేవదాసుల మీద ఆ తలుపు నీడ పడింది.

తెలుగు ‘దేవదాసు’ 1953 జూన్ 26న విడుదలైంది. దర్శకుడు కూచిపూడి కళాకారుడైన వేదాంతం రాఘవయ్య. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యులవి. ఆయన 1902లో రేపల్లె తాలూకా పెదపులివర్రులో పుట్టారు. పాటల్లో మల్లాది రామకృష్ణశాస్త్రి చెయ్యి ఉందన్న మాట సినిమావాళ్లలో చాలాకాలంగా ఉంది. తెర మీద పేరు మాత్రం సముద్రాలదే. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా పూర్తికాక ముందే 1952లో చనిపోయారు, మిగిలిన పని ఎం.ఎస్. విశ్వనాథన్ చేశారు. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి, లలిత చంద్రముఖి. సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

నవలలో శరత్ గొంతు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. దేవదాసు ఎందుకు తిరిగి వెళ్లలేదో, పార్వతి ఎందుకు బెట్టు చేసిందో ఆయనే మనకు చెబుతారు, జాలి పడతారు, తప్పు పడతారు. సినిమాలో కథకుడు లేడు. ఆ ఖాళీలో సముద్రాల పాటను కూర్చోబెట్టారు. తాగిన దేవదాసు పాడే పాటల్లో వేదాంతం ఎక్కువ, ఫిర్యాదు తక్కువ. అది శరత్ రాసింది కాదు. మన తత్వాలు, హరికథలు, నాటక పద్యాలు విని పెరిగిన మనిషి రాసింది. రంగస్థలం మీద కథ ఆగి నటుడు పద్యం అందుకున్నప్పుడు జనం పాత్ర మనసులోకి వెళ్లేవారు. ఘంటసాల గొంతులో ఆ పనే సాగింది. అందుకే ఈ దేవదాసు బెంగాలీ కథలా అనిపించదు, మన ఊరి జమీందారు కొడుకు కథలా అనిపిస్తుంది. నా దృష్టిలో ఇది మూలానికి చేసిన ద్రోహం కాదు. నవలలో చెప్పేవాడు ఉన్నచోట సినిమాలో పాడేవాడు ఉండడం సరైన మార్పిడి.

నటనలోనూ ఇదే తేడా. అక్కినేని నాటకాల్లో ఆడవేషాలు వేసి వచ్చినవారు. అయినా ఈ పాత్రలో రంగస్థలపు ఊపు ఎక్కడా కనిపించనివ్వలేదు. తాగుబోతు కళ్లు రావడానికి రాత్రిళ్లు పెరుగన్నం కడుపునిండా తిని, నిద్ర ముంచుకొచ్చే వేళ ఆ దృశ్యాలు చిత్రీకరింపజేసుకున్నానని తరవాత ఆయనే చెప్పారు. రెప్పలు వాలడం ఇరవయ్యో వరసలో కూర్చున్నవాడికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది.

నష్టం దేవదాసును ప్రేమించిన వేశ్య చంద్రముఖి వైపు జరిగింది. నవలలో ఆమె నగరం వదిలి పల్లెలో సాదాగా బతుకుతుంది, మళ్లీ దేవదాసును వెతుక్కుంటూ కలకత్తా వస్తుంది. ఆ మార్పును శరత్ నింపాదిగా చూపారు. సినిమాలో అంత తీరిక లేక ఆమె ఎక్కువగా త్యాగమూర్తిగా మిగిలింది.

కన్యాశుల్కం తెర మీద

1955 ఆగస్టు 26న వచ్చిన ‘కన్యాశుల్కం’కు పి. పుల్లయ్య దర్శకుడు, రచన వెంపటి సదాశివబ్రహ్మం, సంగీతం ఘంటసాల. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు రామప్ప పంతులు, విన్నకోట రామన్న పంతులు అగ్నిహోత్రావధాన్లు, షావుకారు జానకి బుచ్చమ్మ. లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు, సౌజన్యారావు పంతులు గుమ్మడి వెంకటేశ్వరరావు. చివరి ఇద్దరూ తెనాలి చుట్టుపక్కల వారే. గుమ్మడిది కొల్లూరు దగ్గరి రావికంపాడు. గోవిందరాజుల తెనాలిలో వైద్యం చేస్తూ నాటకాలాడిన మనిషి.

గోవిందరాజుల ఈ వ్యాసానికి ఎంతో ముఖ్యమైన సాక్షి. రంగస్థలం మీద లుబ్ధావధాన్లుగా పేరు పొంది, అదే పాత్రను తెర మీదకు తెచ్చారు. ‘మాలపిల్ల’ నుంచి ‘షావుకారు’ దాకా సినిమాల్లో పని చేసి ఉండడం వల్ల కెమెరా ముందు ఎంత తగ్గించాలో ఆయనకు తెలుసు. ముసలివాడి పిసినారితనం, పెళ్లి ఆశ, ఆస్తి భయం మూడూ ఒకే ముఖంలో ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. రంగస్థల సంప్రదాయం సినిమాలోకి నష్టం లేకుండా వచ్చిన చోటు ఏదంటే ఈ పాత్ర చూపిస్తాను.

సినిమాకు అసలు చిక్కు మాటతో వచ్చింది. దేవదాసులో మాట తక్కువ, మౌనం ఎక్కువ. తెర కోరుకునేదీ అదే. కన్యాశుల్కంలో మాటే చర్య. గిరీశం ఏ పనీ చేయడు, మాట్లాడతాడు. ఆ మాటలతోనే ఇంట్లో దూరతాడు, బుచ్చమ్మ మనసు మారుస్తాడు. సినిమాలో గురజాడ సంభాషణ చాలాచోట్ల వినిపిస్తుంది, కానీ నిడివి కోసం తగ్గింది. తగ్గిన ప్రతి మాటతోనూ మనిషి తగ్గాడు. విజయనగరం యాసలో పుట్టిన ఆ మాటలను గుంటూరు, కృష్ణా నాలుకల మీద వింటున్నప్పుడు వాటి పదును కొంత పోతుంది. తెనాలి రంగస్థలానికీ ఇదే వర్తిస్తుందని ఒప్పుకోవాలి.

పాటల విషయంలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. గురజాడ ‘పూర్ణమ్మ’ కథాగేయాన్ని సినిమాలో చేర్చడం గొప్ప ఆలోచన. ముసలి మొగుడికి కట్టబెట్టిన చిన్నపిల్ల చావు కథ అది. నాటకం నవ్విస్తూ దాటవేసిన దుఃఖాన్ని గురజాడ చేతనే చెప్పించినట్లయింది. శ్రీశ్రీ రచన కూడా పాటగా వచ్చింది. అది వినడానికి హాయిగా ఉంటుంది గాని మధురవాణిని ప్రేమకథా నాయికలా తోపించే ప్రమాదం తెచ్చింది. నవలను సినిమా చేసినప్పుడు ఆదుకున్న పాట, నాటకాన్ని సినిమా చేసినప్పుడు కథకు అడ్డం వచ్చింది.

గిరీశం పాత్రకు రామారావును తీసుకోవడం సాహసమే. ‘పాతాళభైరవి’ తరవాత ఆయన జనానికి ధీరుడు. మోసగాడూ పిరికివాడూ అయిన గిరీశంగా ఆయన్ను చూసి ఎంతమంది జీర్ణించుకోలేకపోయారో ఊహించవచ్చు. ఆయన ధైర్యంగానే ఆడారు. అయితే నాటకంలో గిరీశం అనేకమందిలో ఒకడు. సినిమాలో నాయకుడి స్థానం వాడికి దానంతట అదే వచ్చేసింది. మధురవాణి ఉండబట్టి సమతూకం చెడలేదు. పార్వతిగా కన్నీళ్లు కార్చిన సావిత్రి రెండేళ్లకే చిరునవ్వుతో పదిమంది మగవాళ్లను ఆడించే స్త్రీగా కనిపించింది. రామప్ప పంతులుతో ఆమె రంగాల్లో ఒక్క కనుసైగతో గురజాడ రెండు వాక్యాల పని జరిగిపోతుంది. ఆ సి.ఎస్.ఆరే దేవదాసులో పార్వతిని పెళ్లాడిన జమీందారు. ఇద్దరినీ రెండు సినిమాల్లో వెంట వెంట చూస్తే నటన అంటే ఏమిటో తెలుస్తుంది.

1974 దేవదాసు

తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెం నుంచి వచ్చిన ఘట్టమనేని కృష్ణ కథానాయకుడిగా, విజయనిర్మల దర్శకత్వంలో 1974లో దేవదాసు రంగుల్లో వచ్చింది. రమేష్ నాయుడు సంగీతం, ఆరుద్ర పాటలు చక్కగా ఉన్నాయి. కానీ పోటీ శరత్ నవలతో కాదు, 1953 సినిమాతో పడింది. ఆ రోజుల్లోనే పాత దేవదాసును మళ్లీ విడుదల చేస్తే జనం దాని వైపే మొగ్గారు. ఒక రచనకు ఒక రూపం స్థిరపడిపోయాక రెండో ప్రయత్నం మూలానికి వెళ్లినా ప్రేక్షకుడు వెళ్లనివ్వడు.

విలువ

రెంటిలో దేవదాసు మెరుగైన సినిమా, కన్యాశుల్కం మెరుగైన రచన. 1953 దేవదాసు చూసినవాడు నవల చదవకపోయినా శరత్ హృదయం చాలావరకు అందుకుంటాడు. 1955 కన్యాశుల్కం ఒక్కటే చూసినవాడికి గురజాడ సగమే అందుతాడు. ఆ లోటు సినిమాది మాత్రమే కాదు. కుదించిన మూడు గంటల నాటకం చూసినవాడికీ అంతే.

తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఇప్పటికీ నాటక పోటీలు జరుగుతున్నాయి, ప్రేక్షకులు వస్తున్నారు. వాటి నిర్వాహకులకు ఒక విన్నపం. ఏడాదికి ఒకసారైనా పోటీ నాటికలు పక్కన పెట్టి, 1909 ప్రతి ప్రకారం ఏడంకాల కన్యాశుల్కాన్ని రెండు రాత్రులుగా పూర్తిగా ఆడించండి. సారా దుకాణం రంగం వదలకండి. మధురవాణి వేషం ఆడపిల్లకు ఇచ్చినా, మగవాడికి ఇచ్చినా, స్థానం పుట్టిన గడ్డ మీద ఆ పాత్ర పూర్తి నిడివితో నిలబడాలి.